మాస్టరు చేతి కొలత

మాస్టరుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఆదివారం మాత్రం ముక్కు దిగి ఒళ్ళంతా పాకింది. కారణం మిక్సీ.

ఆయన హోటల్లో ఇరవై రెండేళ్ళు వంట మాస్టరుగా చేశాడు. ఏడాది క్రితం కుడిచేతికి పక్షవాతం వచ్చింది. చెయ్యి మళ్ళీ కదిలింది గానీ, హోటలువాళ్ళ మనసు కదల్లేదు. అప్పటి నుంచి కూతురింట్లో వంటగది ఆయన రాజ్యం. అదీ లాక్కుంటారేమోనని లోపల భయం. భయాన్ని కోపంగా మార్చడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు.

ఆ మధ్యాహ్నం కూతురి ఆఫీసు నుంచి ఆరుగురు భోజనానికి వస్తున్నారు.

"గ్వాకమోలే, అదే ఆ అవకాడో పచ్చడి, డబ్బా కొనేస్తాను నాన్నా, నువ్వు కష్టపడకు" అంది కూతురు.

"డబ్బాలోదా? నేను బతికుండగానా?" అని ఆయన గయ్యిమన్నాడు.

తొడిమ దగ్గర వేలితో నొక్కి చూసి, అవకాడోలు తనే ఏరి తెచ్చాడు. నిలువునా కోసి, మెలితిప్పి, గింజ తీసి, గుజ్జు గిన్నెలోకి గీకాడు. నల్లబడకుండా ముందే నిమ్మకాయ పిండాడు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా, కొత్తిమీర సన్నగా తరిగాడు. ఎడంచేత్తో ఫోర్కు పట్టుకుని, అక్కడక్కడా పంటికి తగిలేలా మెదిపాడు. చివర్న కుడి అరచేతిలో ఉప్పు పోసుకుని, చూడకుండానే గిన్నెలోకి విదిల్చాడు. రుచి చూడలేదు. రుచి చూసి వండేవాడు వంటవాడే కాదని హోటల్లో ఎంతమందిని దులిపేశాడో! పైగా అందరూ తిన్నాక గానీ ఆయన ముద్ద ముట్టడు.

స్నానం చేసి వచ్చేసరికి గిన్నె ఖాళీ. మిక్సీ జారులో పచ్చటి ముద్ద ఉంది.

"ఇదేంటే?"

"మెత్తగా ఉంటే బాగుంటుందని..."

"గోడలకి పూస్తావా? మీ ఆఫీసులో ఎవరికీ పళ్ళు లేవా?" అంటూ జారు ఎత్తి సింకు వైపు నడిచాడు.

కూతురు అడ్డం పడింది. "పారబొయ్యకు! ఇంకో మూడు కాయలు వేశాను అందులో!"

"ఎందుకు వేశావ్?"

ఆమె మాట మార్చబోయింది. ఆయన వదిలే రకమా?

"ఉప్పు నాన్నా. నోట్లో పెట్టుకోలేకపోయాను. కొత్త కాయలు బాగా కలవాలని మిక్సీలో వేశాను."

"నా చేతి ఉప్పు తప్పదు!"

"తప్పుతోంది! ఆర్నెల్లుగా తప్పుతోంది. సూపులో నీళ్ళు పోస్తున్నా, కూరలో బంగాళాదుంపలు పడేస్తున్నా. నువ్వు చివర్న తింటావు కాబట్టి నీకు తెలీదు."

మాస్టరు జారు దించాడు. కుడి అరచేతిని ఎడంచేత్తో గట్టిగా గిచ్చాడు. ఎవరి చేతినో గిచ్చినట్టుంది.

"ఆర్నెల్లా!" గొంతు చించుకుని అరిచాడు. "నీ చేతి రుచే వేరు నాన్నా అంటూ లొట్టలేశావే! నీకంటే హోటలువాళ్ళు నయం. పనికిరావని మొహం మీదే చెప్పారు."

"నీకు చెప్పే ధైర్యం ఎవరికుంది? కోపమొస్తే ఇల్లు పీకి పందిరేస్తావు!" కూతురూ అరిచింది. కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. "వంట మానేస్తే మంచం పడతావని భయపడి చచ్చాను!"

ఆయన కత్తి అందుకున్నాడు. మిగిలిన రెండు కాయలు కోసి, మళ్ళీ మొదటి నుంచి అన్నీ తరిగి, కసిగా మెదిపాడు. ఉప్పు అరచేతిలో పోసుకుని, ఆ చేతిని కూతురి మొహం ముందు పెట్టాడు.

"చెప్పు."

"ఎక్కువుంది."

"ఎంత?"

"సగానికి సగం, నాన్నా."

ఆయన సగం ఉప్పు తిరిగి డబ్బాలో పోసి, మిగిలింది గిన్నెలో విదిల్చాడు. కూతురి వైపు తిరిగేసరికి కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"రేపట్నుంచీ ఇలాగే చెప్పు. నేను అరుస్తాను. అరిచినా చెప్పు."