ముప్ఫైకి దిగేదాకా

మత్తు డాక్టరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆపరేషన్ థియేటర్లో అందరూ అంటారు. ఆ రోజు మాత్రం అది నషాళానికి అంటింది.

బల్ల మీద ఉన్నది బస్సు కండక్టరు. గాలిగొట్టంలో కణితి పెరిగి ముప్పాతిక దారి మూసేసింది. రెండేళ్ళు ఆస్తమా అని మందులు మింగించారు, అది వేరే పాపం. మత్తిచ్చే ముందు ఆయన రొప్పుతూ ఒకటే అడిగాడు.

"అమ్మా, మళ్ళీ విజిల్ ఊదగలనా?"

"ఊదలేకపోతే నన్నడగండి," అందామె. మాట ఇచ్చేసింది.

కణితిని లేజరుతో కాల్చి తీయాలి. లోపల ఆక్సిజన్ ఎక్కువుండగా లేజరు పెడల్ తొక్కితే గొంతే పొయ్యి అవుతుంది. అందుకే ముప్ఫై శాతానికి దించి, ఆమె "ఊఁ" అన్నాకే సర్జన్ తొక్కాలి. ఆ సంగతి పెద్ద సర్జన్‌కి తెలియక కాదు. కానీ ఆ రోజు అద్దం అవతల చూడవచ్చిన డాక్టర్లు ఆరుగురు. అసలే కోతి, ఆపై కల్లు తాగింది.

"ఎంతుంది మేడమ్?"

"యాభై రెండు. ఆగండి సార్."

"చాల్లెండి, తొక్కేస్తున్నా."

పోయిన నెలా ఇదే మాట. అప్పుడు మరో రోగి గొంతులో పెట్టిన ప్లాస్టిక్ గొట్టం భగ్గుమంది. నీళ్ళు పోసి ఆర్పారు. అతను బతికి బట్టకట్టాడు గనక అందరూ నోరు మూసుకున్నారు, ఆమె కూడా. ఆ సిగ్గు నెలంతా ఆమెను తినేసింది.

ఆమె కాలు చాపి పెడల్‌ను తన స్టూలు కిందికి లాగేసింది.

"ఏంటిది? ఇక్కడ సర్జన్ ఎవరు?"

"మీరే. ఆయన ఊపిరి మాత్రం నా చేతిలో ఉంది. ముప్ఫైకి దిగాక ఇస్తా."

"మిమ్మల్ని బయటికి పంపించేస్తా!"

"పంపండి. ముప్ఫైకి దిగాక."

నలభై నాలుగు. ముప్ఫై ఎనిమిది. నర్సులు తలెత్తలేదు. ముప్ఫై. పెడల్‌ను ముందుకు తోసి "ఊఁ" అంది.

కణితి ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. కండక్టరు ఛాతీ పిల్లికూత లేకుండా లేచింది. సర్జన్ అద్దం వైపు తిరిగి, "చూశారుగా, ఈ పనికి ఓపిక ముఖ్యం," అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది! ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం తన సొరుగులోంచి నల్లగా మాడిన గొట్టం తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టింది.

"పోయిన నెలది. పారేయబోతుంటే దాచాను."

"అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతారు మేడమ్?"

"పైవాళ్ళకి రిపోర్టు రాశాను. తప్పు చేసినవాళ్ళలో మొదటి పేరు మీది," అందామె. "రెండోది నాదే."