పొట్టు మామయ్య పగ

జుట్టులో ఎప్పుడు చూసినా చెక్కపొట్టు ఇరుక్కుని ఉంటుంది కాబట్టి వీధి వీధంతా ఆయన్ని పొట్టు మామయ్య అంటుంది, ఆయన భార్యను అత్తయ్య అంటుంది. పోస్టుమాస్టరుగా రిటైరయ్యాక కారు షెడ్డులో లేత్ మిషను పెట్టుకున్నాడు. గిర్రున తిరిగే చెక్కకు ఉలి ఆనించి గిన్నెలూ ఫ్లవర్‌వాజులూ తీయడం ఆయన సరదా. మెత్తని మనిషే. కానీ ఆ ఏడు ఆయన కడుపు రగిలిపోయింది.

ఎందుకు రగలదు మరి? అత్తయ్య ఆపరేషనై ఆసుపత్రిలో ఉంటే, పక్కింటి కాంట్రాక్టరు వీళ్ళ గేటు పక్కనున్న చెట్టును మొదలంటా కొట్టించేశాడు. ఈ ఇంటికొచ్చిన కొత్తలో అత్తయ్య నాటిన చెట్టు అది. ఇంటికెళ్ళగానే దాని నీడన కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఆసుపత్రి మంచం మీద రోజూ అనుకునేది.

"ఆకులన్నీ నా కారు మీదే రాలుతున్నాయి మాస్టారూ. మీకూ ఊడ్చే పని తప్పించా, సంతోషించండి!" అన్నాడు కాంట్రాక్టరు పళ్ళికిలిస్తూ.

అత్తయ్య ఆసుపత్రి నుంచి వచ్చి ఆ ఖాళీ జాగా చూసి, పల్లెత్తు మాట అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. వీడిచేత ఆవిడ ముందు 'తప్పయింది' అనిపించకపోతే నేను మనిషినే కాదని మామయ్య పళ్ళు నూరాడు.

గేటు దగ్గర పడేసిన దుంగలన్నీ షెడ్డులోకి దొర్లించుకున్నాడు. పచ్చి చెక్కను ఒకేసారి పల్చగా తీస్తే పగిలిపోతుంది. ముందు మందంగా తీసి, పొట్టు నింపిన గోనెసంచుల్లో కప్పెట్టి, నెలల తరబడి ఆరనిచ్చి, అప్పుడు మళ్ళీ లేత్ మీదికి ఎక్కించాలి. మామయ్య అలాగే చేశాడు. చెక్కలో పచ్చి ఆరింది గానీ ఆయన కోపంలో పచ్చి ఆరలేదు.

"ఎవరికేం పంచుతారో పంచుకోండి గానీ, నాకొకటి ఉంచండి," అంది అత్తయ్య ఒకరోజు షెడ్డు గుమ్మంలో నిలబడి.

"నీకు లేకపోవడమేమిటే!" అన్నాడాయన తలెత్తకుండానే.

ఇక మొదలైంది చూడండి! సెలూన్‌లో దువ్వెనలకు గిన్నె. డాక్టరమ్మ బల్ల మీద చాక్లెట్లకు గిన్నె. టీ కొట్టులో చిల్లరకు గిన్నె. అందరికీ ఒకటే షరతు, కాంట్రాక్టరు కనబడితే అది ఏ చెట్టు గిన్నో చెప్పి తీరాలి. వీధికి అంతకంటే కావలసిందేముంది? సెలూన్ అతనైతే కత్తి గొంతు మీద పెట్టి మరీ ఆ మాట ఎత్తుకునేవాడు.

"ఆ నునుపు చూశారా సార్? మీరు కొట్టించిన చెట్టేనండీ. పాపం, అమ్మగారు చేతులారా నాటుకున్నారట!"

కాంట్రాక్టరు నురగ కింద ఎర్రబడి, కదల్లేక మెదల్లేక కూర్చునేవాడు. అది విన్న పూట మామయ్యకు అన్నం రెండు ముద్దలు ఎక్కువ సహించేది.

కాంట్రాక్టరు గడ్డం ఇంట్లోనే గీసుకోవడం మొదలుపెట్టాడు. టీ కొట్టు వైపు రావడం మానేశాడు. అయినా తప్పు ఒప్పుకోవడానికి వీళ్ళ గేటు దాటి రాడే! మామయ్యకు పిచ్చెక్కిపోయింది. షెడ్డులో చివరికి మిగిలింది ఒకే ఒక్క ఫ్లవర్‌వాజు, చెట్టు మొదట్లోని చెక్కతో తీసింది. ఇది వాడి నట్టింట్లో ఉండాలి, నిద్ర లేచింది మొదలు వాడి కళ్ళలో పొడవాలి అనుకుని, కాంట్రాక్టరు భార్యను పిలిచి చేతిలో పెట్టాడు. ఏమీ ఎరగని ఆ తల్లి మురిసిపోతూ పట్టుకెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు దిగాడు. చంకలో ఫ్లవర్‌వాజు, పీక్కుపోయిన ముఖం. తిన్నగా వరండాలో అత్తయ్య కుర్చీ దగ్గరికెళ్ళి తల వంచుకున్నాడు.

"తప్పయిందమ్మా. అడక్కుండా కొట్టించడం నాదే తప్పు. ఇంక ఈ గిన్నెల బాధ నేను పడలేను."

ఎన్నాళ్ళ నాటి ముచ్చట! మామయ్య ఒళ్ళంతా పొంగిపోయింది. మీసం మెలేయడానికి చెయ్యి పైకి లేచింది కూడా.

అత్తయ్య మాత్రం కాంట్రాక్టరును చూడటం లేదు. ఆ ఫ్లవర్‌వాజునే చూస్తోంది.

"షెడ్డులో ఇంకేమైనా ఉన్నాయా?" అనడిగింది భర్తను.

"లేవు. ఇదే ఆఖరిది."

"మరి నాది?"

మీసం దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. 

"ఆయన కొట్టిస్తే దుంగలైనా మన గుమ్మంలో మిగిలాయనుకున్నాను. మీరు వాటిని కూడా వీధంతా పంచేశారా? ఆఖరి ముక్క తీసుకెళ్ళి ఈయన చేతిలోనే పెట్టారా?"

కాంట్రాక్టరు కంగారుపడి ఫ్లవర్‌వాజు ముందుకు చాపాడు. "ఇదిగో, తీసుకోండమ్మా."

"వద్దు బాబూ, మీ దగ్గరే ఉంచుకోండి. మీరు తప్పయిందనైనా అన్నారు," అని అత్తయ్య లేచి, ఆ రోజు వెళ్ళినట్టే లోపలికి వెళ్ళిపోయింది.