కల్లంల ఆరు గుండ్రాలు

ఆర్మూర్ల పెర్కిట్ దిక్కు, పదకొండు కేవీ కరెంటు లైను కిందనే ఉంటది హన్మాండ్లు కల్లం. పసుపు తవ్వే దినాలల్ల పొద్దుగాల ఆరు కొట్టంగనే అక్కడ పాలిషు డ్రమ్ము తిరుగుడు మొదలైతది. ఉడకవెట్టి ఎండవోసిన కొమ్ములు అండ్ల పడి గలగలమంటయి, మీది పొట్టంత దుమ్మయి లేస్తది. ఆ దుమ్ము చాయల వడ్తది, ఆరేసిన బట్టల మీద వడ్తది, అరుగు మీద కూసోని ఇంటరు రెండో సంవత్సరం ఫిజిక్సు లెక్కలు చేసే హన్మాండ్లు బిడ్డ సంధ్యారాణి నోట్సు మీద కూడ వడ్తది.

నోట్సు మీద వడ్డ దుమ్ము ఊకె ఉండదు. సంధ్య రెండు చార్జీలు గీసి, ఒకదానికి ప్లస్సు, ఇంకోదానికి మైనస్సు పెట్టిందంటే సాలు, మెల్లగ జరుగుకుంట పోయి ప్లస్సు కాడ మొదలయ్యి మైనస్సు కాడ ఆగే గీతలల్ల సర్దుకుంటది. లెక్క తప్పితే గీతలు అడ్డం తిరుగుతయి. పక్క కల్లం పోచయ్య మూడో తరగతి కూడ సదువలే. అయినా బీడి తాగుకుంట వచ్చి, నోట్సులకు తొంగి చూసి, "మైనస్సు మర్చినట్టున్నవ్ బిడ్డా, ఉల్టా పోతున్నయ్" అని చెప్పి తన పనికి తాను పోతడు.

ఒక్క ముచ్చట మాత్రం సంధ్య నెత్తికి ఎక్కలే. పొటెన్షియల్ ఎక్కువున్న కాడ నిలవడితే సాలు, షాకు కొడ్తదని ఆమె లెక్క. కాలేజీల దేవరాజు సారు నవ్విండు.

"పదకొండు వేల వోల్టుల తీగ మీద పిట్ట కూసుంటది. సస్తదా?"

"సావది సార్."

"ఎందుకు? దాని రెండు కాళ్ళు ఒక్క పొటెన్షియల్ మీదనే ఉన్నయి. సంపేది పొటెన్షియల్ కాదమ్మా, తేడా. గిది పరీక్షల పక్కా వస్తది, రాసుకో."

సంధ్య రాసుకున్నది. రాసుకున్నదంతా అర్థమైతదా ఏంది!

మార్చి నెల మొదటి బుధవారం నాడు దుమ్ము నోట్సు ఇడిసిపెట్టి నేలకు దిగింది. పాలిషు పట్టిన పసుపు కుప్పకు, అరుగుకు నడుమ ఉత్త జాగల, ఒకదాని లోపల ఒకటి, ఆరు గుండ్రాలు గీసింది. నడిమధ్యల ఏం లేదు. ప్లస్సు లేదు, మైనస్సు లేదు. సంధ్య తల్లి భాగ్య చీపురు తెచ్చి ఊడ్చింది. మాపటాల్లకు మళ్ళ గవే ఆరు గుండ్రాలు, గదే జాగల. బేస్తవారం పొద్దుగాల ఊడ్చింది. పగటీలికి మళ్ళ వచ్చినయి, ఇంకింత దొడ్డుగ.

సంధ్య టేపు పట్టుకోని కొలిచింది. నడిమి నుంచి మొదటి గుండ్రం మీటరు. రెండోది మీటరు ఇరవై. తర్వాతివి ఒకటిన్నర, రెండు, మూడు, ఆఖరిది ఆరు మీటర్లు. నోట్సు తీసి చూసింది. పదిహేడో లెక్క. ఒక చార్జికి మీటరు దూరంల పొటెన్షియల్ ఆరు వేల వోల్టులు. అయిదు వేలు ఎక్కడ? నాలుగు వేలు ఎక్కడ? వెయ్యి ఎక్కడ? దుమ్ము, గుండ్రానికి వెయ్యి తక్కువ చొప్పున, పొల్లు పోకుండ లెక్క చేసి పెట్టింది. చార్జి ఒక్కటే ఇంకా రాలేదు. ఆమె నడిమధ్యల నిలవడి తల ఎత్తి చూసింది. సీదా నెత్తి మీద తీగ.

సంధ్యకు బుగులు పట్టుకున్నది. "బాపూ, తీగ తెగి ఈడ వడ్తది. పసుపు చెప్తుంది" అన్నది.

హన్మాండ్లు బిడ్డ మాట తీసెయ్యలే. లైన్‌మన్‌ను పిలిపిచ్చిండు. ఆయన మెడ ఎత్తి తీగ చూసిండు, వంగి గుండ్రాలు చూసిండు. "తీగ మంచిగనే ఉన్నది. పసుపు కూడ గీతలు మంచిగ గీసింది" అని చాయ తాగి పోయిండు.

"ఇన్నవు కద? ఫికర్ చెయ్యకు" అన్నడు హన్మాండ్లు.

"పోనీ, జర చెప్పులన్న తొడుక్కోని తిరుగు బాపు."

ఆ మాటకు అరుగు మీది లసుమవ్వ గయ్యిమన్నది. ఆమె హన్మాండ్లు తల్లి. "పసుపు కల్లంల చెప్పులా? లచ్చిందేవిని తొక్కుతరే ఎవలన్న? మీ తాత పాము కరిసిన కాలుతోని కూడ ఉత్త కాళ్ళతోనే నడిసిండు!" ఆ ఇంట్ల చెప్పులన్ని కల్లం బయట రాయి కాడనే ఇడవాలె. ఇడవకుంటె ముసల్ది అన్నం ముట్టది.

శుక్రవారం తెల్లారింది. గుండ్రాలు వేలెడు ఎత్తు లేసి ఒడ్డు కట్టినట్టున్నయి. చీపురు తీసుకొని వచ్చిన భాగ్యకు అడ్డంగ సంధ్య ఆఖరి గుండ్రం మీద కూసున్నది, పుస్తకాలు ముందట పరుసుకోని.

"లేవే. శుక్రవారం పూట ఊడ్వని వాకిలి ఎక్కడన్న ఉంటదా?"

"నేను లేవ. అమ్మా, నీ కాళ్ళు మొక్కుత, ఇయ్యాల్ల ఒక్కదినం ఊడ్వకు."

ఏం జేస్తదో ఆమెకే తెల్వదు. తీగను పట్టి ఆపుడు తనతోని కాదు, తండ్రికి చెప్పులు తొడిగిచ్చుడు కూడ కాదు. గీతలు కనవడుతుంటె సాలు, అంతే. లసుమవ్వ సాపెనలు పెట్టింది. భాగ్య చీపురు ఎత్తింది. హన్మాండ్లే వచ్చి పెండ్లాం చేతిలకెల్లి చీపురు గుంజుకున్నడు.

"సోమవారం పరీక్ష ఉన్నది పిల్లకు. సదువుకోనియ్యిన్రి" అన్నడు. బిడ్డ సదువుకుంటుందనే అనుకున్నడు, పాపం.

మూడు గంటలకు సిద్దులగుట్ట మీదికెల్లి నల్లటి మబ్బు లేసింది. చెడగొట్టు వాన. ఏడాది కష్టమంత కల్లంల కుప్పవోసి ఉన్నది. హన్మాండ్లు టార్పాలిన్ పట్టా భుజానేసుకొని, రాయి కాడ చెప్పులు ఇడిసి కుప్ప దిక్కు ఉరికిండు. గాలికి పట్టా మొకం మీద కొట్టుకుంటుంది. దబదబ చినుకులు పడ్డయి. తడిసిన గుండ్రాలు చెదిరిపోలే, నేల మీద పచ్చగ తేలినయి.

నీలంగ మెరిసింది. తీగ తెగి, సర్రున వచ్చి గుండ్రాల నడిమధ్యల పడ్డది.

హన్మాండ్లు ఒక కాలు అయిదో గుండ్రం మీద ఉన్నది. ఇంకోటి లోపలికి వెయ్యబోయి గాలిల ఉన్నది.

"బాపూ!" వానకు పుస్తకాలు ఎత్తుకోని అరుగెక్కిన సంధ్య గొంతు చిరిగేటట్టు మొత్తుకున్నది. "లోపల వెట్టకు! ఎత్తిన కాలు గదే గీత మీద వెట్టు! కాలు పక్కన కాలు!"

ఆయనకు లెక్కలు రావు. గీత కనవడ్డది, బిడ్డ గొంతు ఇనవడ్డది. ఎత్తిన కాలు తెచ్చి గీత మీదనే దించిండు. దించి, కట్టె లెక్క నిలవడ్డడు. ఒక్క అడుగు లోపలికి వేసి ఉంటే కాలుకు కాలుకు నడుమ ఆరు వందల వోల్టుల తేడా. సంధ్య మనసుల లెక్క దానంతట అదే అయింది, దానికి ఆమెకు ఏడుపొచ్చింది.

"పసుపు తడుస్తుందే!" అన్నడు హన్మాండ్లు, మెడ కూడ తిప్పకుండ.

"తడువనియ్యి! నువ్వు కదలకు!"

భాగ్య మొగని దిక్కు ఉరకబోతే లసుమవ్వ కొంగు పట్టి గుంజి కూసోవెట్టింది. పోచయ్య లైన్‌మన్‌కు ఫోను చేస్తుండు. అంతల ఉరుముకు బెదిరి, కల్లం మూలకు కట్టేసిన హన్మాండ్లు ఎర్రెద్దు తలుగు తెంపుకున్నది. గుండ్రాలల్లకు దూకింది. ముందటి కాళ్ళు నాలుగు వేల గీత మీద పడ్డయి, వెనుక కాళ్ళు ఇంక రెండు వేల గీత మీదనే ఉన్నయి. అరువను కూడ అరువలే. ఉన్నకాడనే ఒరిగింది. నలభై ఏండ్ల మనిషి హన్మాండ్లు, తన చేతుల పెరిగిన ఎద్దు తన ముందట పడితె, బడిల శిక్ష వడ్డ పోరని లెక్క రెండు కాళ్ళు దగ్గరవెట్టుకోని బొటబొట కన్నీళ్ళు కార్చిండు. గీత మాత్రం దాటలే.

ఇరవై నిమిషాలకు లైను బంద్ అయిందని లైన్‌మన్ వచ్చి చెప్పిండు. చెప్పినా హన్మాండ్లు కదలలే. సంధ్య పోయి చెయ్యి పట్టుకుంటెనే అడుగు తీసిండు. ఆయన నిలవడ్డ కాడ రెండు పాదాల జాడ పక్కపక్కన ఉన్నది, గీత రెండింటి నడుమకెల్లి పోకుండ రెండింటి కిందకెల్లి పోయింది. సంధ్య ఆ రాత్రి నోట్సుల పదిహేడో లెక్క కింద ఒక్క మాట రాసింది: తేడా సున్నా.

తెల్లారి ఎద్దును తీసుకపోయిన్రు. సగం పసుపు నల్లవడ్డది. మిగిలింది ఆరవోద్దామని హన్మాండ్లు లేసి, అలవాటుగ రాయి కాడ చెప్పులు ఇడిసి కల్లంలకు నడిసిండు. ఆయన పాదాల అడుగున పచ్చటి గీత అడ్డంగ ఉన్నది, రాత్రి రెండుసార్లు కడిగినా పోలే.

"ఆగు కొడకా" అన్నది లసుమవ్వ.

ముసల్ది కట్టె పట్టుకోని మెల్లగ రాయి కాడికి పోయింది. వంగి కొడుకు చెప్పులు చేతిలకు తీసుకున్నది. పసుపు మీదికెల్లే నడుసుకుంట వచ్చి, కల్లం నడిమధ్యల, కొమ్ముల మీద, ఆయన కాళ్ళ ముందట పెట్టింది.

"తొడుక్కో" అన్నది. "లచ్చిందేవికి నేను చెప్పుకుంట."