ఓడ మీది నీలం గడి

పొద్దున్నే ఆ ఓడ మీద మొదట వినిపించే మాట "తడి, జాగ్రత్త!" బట్టలు ఆరేసేవాళ్ళు, నీళ్ళ బకెట్లతో ఎదురుపడేవాళ్ళు, అందరూ ఒకరికొకరు చెప్పుకునేది అదే. రేవులో గొలుసులతో కట్టేసిన ముసలి ఓడ. ఇంజను ఏనాడో ఊడదీశారు. ఉండడానికి చోటు లేనివాళ్ళకి అదే ఇల్లు.

చూడ్డానికి మాత్రం అచ్చం అతుకుల బొంత. ఎవరొచ్చినా సరే, వదిలొచ్చిన ఇంటి తలుపు రంగు చెప్పాలి. రంగుల తాత కలిపి ఇస్తాడు. ఓడ గోడ మీద బారెడు గడిలో ఎవరి రంగు వాళ్ళే వేసుకోవాలి. ఆ ఇంట్లో ఎవరైనా ఎదురుచూస్తున్నంత కాలం ఆ రంగు ఆరదు. ఎదురుచూడ్డం మానేస్తే ఆరుతుంది, మనిషి ఇల్లు చేరినా ఆరుతుంది. ఇందులో వింతేముంది? కొత్తవాళ్ళకి స్నానాల గది ఎక్కడో చెప్పినట్టే ఇదీ చెప్పేవాళ్ళు.

దర్జీ అక్క నీలం గడి వేసిన పూటే ఆరిపోయింది. ఏడేళ్ళయింది. తడి గడులకి ఆనుకుని చొక్కాలు పాడుచేసుకున్నవాళ్ళకి ఆవిడే మరక మీద జేబు కుట్టిపెట్టేది. "అదృష్టవంతులు, మీకు మరకలైనా ఉన్నాయి" అని నవ్వేది. నవ్వేదే గానీ, ఎవరూ లేనప్పుడు తన గడి మీద అరచెయ్యి ఆనించి చూసుకునేది. పొడిగా ఉండేది.

ఆ ఏడాది ఉప్పుగాలికి నీలం పెచ్చులూడింది. తాత బ్రష్షు పట్టుకుని వచ్చాడు.

"నీలమేగా, అమ్మాయ్?"

ఆవిడ మిషన్ ఆపింది.

"నీలం కాదు తాతా. మా తలుపు పసుపు."

"ఓసి నీ దుంపతెగ! ఏడేళ్ళూ ఎవరి తలుపు చూసి ఏడ్చావే?"

"అమ్మ పోయాక ఈ చేతి మిషన్ నాదంటే నాదని నేనూ చెల్లీ కొట్టుకున్నాం. 'తీసుకుని పో, మళ్ళీ ఈ గడప తొక్కావో చూడు' అంది చెల్లి. నిజం రంగే వేసి, అదీ ఆరిపోతే? ఇంక నాకేం మిగులుతుంది? ఇదైతే, రంగు తప్పు కాబట్టి ఆరిందిలే అనుకోవచ్చు."

తాత పసుపు కలపడం మొదలుపెట్టాడు.

"ఇంకొంచెం ముదురు. కాస్త ఎరుపు పడాలి. మా అమ్మ కలిపింది కదా, ఆవిడకి ఎప్పుడూ చెయ్యి జారేది."

రంగు వేసి, ఎదురుగా బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. ఆ రోజు ఒక్క కుట్టు కుట్టలేదు. ఎండ మండిపోయింది. ఎవరో తెచ్చిన టీ చల్లారిపోయింది. పొద్దు వాలాక తాత, "ముట్టుకో" అన్నాడు.

"భయంగా ఉంది. నువ్వే ముట్టుకో తాతా."

"బాగుంది! చెల్లెలు నీదా, నాదా?"

ముట్టుకుంది. వేలు పసుపయింది. నమ్మకం కుదరక చెయ్యంతా ఆనించింది. "అయ్యో పిచ్చిదానా, నాకోసం ఏడేళ్ళు గుమ్మంలోనే కూర్చున్నావుటే!" అని భోరుమంది.

మర్నాడు మిషన్ సంచిలో పెట్టుకుని ఓడ దిగింది. చేతి రంగు కడుక్కోలేదు.

ఆ తర్వాత పొద్దున్నే అందరూ పసుపు గడి దగ్గర ఒక్క క్షణం ఆగి వెళ్ళేవాళ్ళు. మొదటి రోజు తడి. రెండో రోజూ తడే. మూడో రోజు మధ్యాహ్నం తాత వేలు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు.

"చేరిందర్రా!" అని ఓడంతా వినపడేలా అరిచాడు.

ఆ గడికే వీపు ఆనించి చతికిలబడి, చొక్కాకి మరక పడలేదని తడిమి చూసుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు.