పొత్రం కింద పిల్లలకోడి

మా తోడికోడలికీ నాకూ ఎనిమిది నెలలుగా మాటల్లేవు. మా అత్తగారు పోయాక సామాను పంచుకునేటప్పుడు రుబ్బురోలు దగ్గర గొడవొచ్చింది. తనకు కావాలని ఆవిడ, నాకే కావాలని నేను. మా చినమావగారు విసుగెత్తి, రోలు నాకూ పొత్రం ఆవిడకూ ఇచ్చేశారు. సిగ్గుపడి కలిసిపోతామనుకున్నారు పాపం. మాకు సిగ్గు తక్కువ, పంతం ఎక్కువ. నేను రోలు మోయించుకొచ్చి పెరట్లో వేసుకున్నాను, ఆవిడ పొత్రం ఎత్తుకుపోయింది. అన్నదమ్ములు మాత్రం రోజూ ఒకే స్కూటరు మీద పనికి పోతారు.

ఇళ్ళు పక్కపక్కనే. పెరళ్ళ మధ్య తడికె ఒక్కటే అడ్డం, దాని కింద ఓ కంత. ఆ కంతలోంచి ఇటూ అటూ తిరిగేది ఆవిడ ఎర్రకోడి ఒక్కటే. పొత్రం లేని రోలుతో నాకేం పని? దాన్లో నీళ్ళు పోసి ఉంచేదాన్ని, కోడి వచ్చి తాగిపోయేది. కోడితో నాకేం తగవు?

ఈమధ్య అది పొదిగి పదకొండు పిల్లల్ని లేపింది. పిల్లి భయానికి ఆవిడ మధ్యాహ్నం పూట తల్లినీ పిల్లల్నీ గంప కింద మూసి, గంప కదలకుండా పైన పొత్రం పెట్టేది. తడికె సందులోంచి అది చూసి నాకు ఒళ్ళు మండింది. అంత మంచి పొత్రం చివరికి కోళ్ళ గంప మీద బరువా? నా రోలు కోడికి నీళ్ళతొట్టి అయిన సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ఆ రోజు అన్నం తిన్నాక మోటారు వేసి, ట్యాంకు నిండేలోపు లేద్దామని నడుం వాల్చాను. కన్నంటుకుంది. మెలకువ వచ్చేసరికి గోడ వెంట నీళ్ళు కారుతున్న చప్పుడు. పరుగున వెళ్ళి మోటారు కట్టేశాను. మా వైపు మెరక, వాళ్ళ వైపు పల్లం. కాలవకు ఆకులు అడ్డం పడి, నీళ్ళన్నీ ఆ కంతలోంచే అటు పోయి నిలిచాయి. గంప జానెడు లోతు నీళ్ళలో ఉంది. లోపల పిల్లలు ఒకటే అరుపు.

చీర ఎగ్గట్టి, తడికె పక్కకు లాగి దూరాను. గంప సందుల్లోంచి చూశాను. కోడి పొట్ట దాకా మునిగి, రెక్కలు కాస్త విప్పి, కదలకుండా నిలబడి ఉంది. పిల్లలన్నీ దాని వీపు మీదికెక్కి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అవి చస్తే నేను చంపినట్టే. కావాలనే నీళ్ళు వదిలానని ఆవిడ అంటే, కాదనడానికి నాకు మొహం ఉండదు.

పొత్రం మీద చెయ్యి వేశాను. నానిపోయిన పాత గంప కిర్రుమని ఒక పక్కకు ఒరిగింది. లాగితే పొత్రం వాటి మీదే పడుతుంది. ఒకరు గంప పట్టుకోవాలి, ఇంకొకరు పొత్రం ఎత్తాలి. ముందు గదిలో ఆవిడ కుట్టుమిషను నడుస్తూనే ఉంది.

పిలవడానికి నోరు రాలేదు. ఒక పిల్ల జారి నీళ్ళలో పడి, మళ్ళీ ఎలాగో రెక్క మీదికెక్కింది.

"అక్కా," అన్నాను.

మిషను ఆగింది.

"అక్కా, తొందరగా రా. కోడి మునిగిపోతోంది."

ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

"నువ్వు గంప పట్టుకో. గట్టిగా. పొత్రం నాకు అలవాటే," అంది. వంగి, దాన్ని పొట్టకు ఆనించుకుని ఎత్తింది. నేను గంప లేపాను. కోడి పారిపోలేదు, పిల్లలు పడిపోతాయని కాబోలు. చెయ్యి పెడితే మాత్రం రక్తం వచ్చేలా పొడిచింది. పొడవనీ అనుకున్నాను. పిల్లల్ని ఒక్కొక్కటే కొంగులో వేసుకుని, తల్లిని చంకన పెట్టుకున్నాను.

"ఎక్కడ పెడతావు? అంతా తడే," అంది ఆవిడ.

నా రోలు ఎండకు కాగి ఉంది. నీళ్ళు చెంబుతో తోడేసి, తుడిచి, పాతచీర ముక్క పరిచి పిల్లల్ని దించాను. కోడి వాటి మీద ఎక్కి కూర్చుంది. ఆవిడ ఒకసారి, నేను ఒకసారి లెక్కపెట్టాం. పదకొండూ ఉన్నాయి. అప్పుడు చూసుకుంది ఆవిడ, పొత్రం ఇంకా తన చేతుల్లోనే ఉందని. రోలు పక్కన దించింది.

"మోటారు వేసి నిద్రపోయానక్కా. నీళ్ళు నావే," అన్నాను. కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషి, ఇంత దొరికితే వదులుతుందా అనుకుని తల వంచుకున్నాను.

ఆవిడ రోలు పక్కనే చతికిలబడింది.

"ట్యాంకు పొర్లుతున్న చప్పుడు నాకు మొదట్నుంచీ వినపడుతూనే ఉంది," అంది. "ఒక్క కేకేస్తే పోయేది. కేకేస్తే నేనే ముందు మాట్లాడినట్టవుతుందని ఊరుకున్నా."

కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. రెక్క కిందనుంచి ఒక పిల్ల తల బయట పెట్టి చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

నీళ్ళు ఇంకాక, సాయంత్రం కోడినీ పిల్లల్నీ తీసుకెళ్తూ ఆవిడ తడికె దగ్గర ఆగింది.

"ఆ పొత్రం ఇక్కడే ఉండనీవే. మళ్ళీ మోసే ఓపిక లేదు నాకు," అంది.

ఎనిమిది నెలల కిందట దాన్ని ఒక్క పరుగున మోసుకుపోయిన మనిషి.