మూడు గోడల బాత్రూమ్

మా బాత్రూమ్‌లో ఇద్దరు పడితే ఒకరు ఊపిరి బిగబట్టాలి. ఈ మధ్యంతా ఆ ఇద్దరం నేనూ, మా అత్తగారూ.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగిన దగ్గర్నుంచి ఆవిడకి స్నానం నేనే చేయిస్తున్నాను. రిటైరయ్యేదాకా ఆవిడ ఆసుపత్రి నర్సు. ముక్కూ మొహం తెలియని వాళ్ళందరి ఒళ్ళూ తుడిచిన మనిషి. అలాంటి మనిషి ఇప్పుడు నేను వీపుకి సబ్బు రాస్తుంటే పైకప్పుకేసి చూస్తూ కూర్చుంటుంది.

"వార్డులో నేను ఒళ్ళు తుడుస్తుంటే అందరూ ఇలాగే పైకి చూసేవాళ్ళు అమ్మాయ్. ఏముందక్కడ, బూజు తప్ప అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది ఏముందో."

"ఏముందత్తయ్యా?"

"బూజే. కానీ అది మనల్ని చూడదు కదే."

ఆ తర్వాత నేను కూడా పైకప్పుకేసి చూస్తూ సబ్బు రాయడం నేర్చుకున్నాను. చెవిలో సబ్బు పెట్టానని ఆవిడ తిట్టింది. అది వేరే సంగతి.

ఇలా ఉండగా ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి శుభవార్త చెప్పింది. "ఇక మీ స్నానం మీరే చేసుకోవచ్చమ్మా. కూర్చోడానికి కుర్చీ, పట్టుకోడానికి గోడకి కడ్డీ, కుర్చీ దాకా వాకర్ వెళ్ళేంత దారి. ఇవుంటే చాలు."

"గడియ వేసుకోవచ్చా?" అని అడిగింది అత్తయ్య.

"బయటి నుంచి కూడా తీసే వీలున్న గడియ పెట్టించుకోండి. హాయిగా వేసుకోవచ్చు."

ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆవిడ మొహం అంతలా వెలగలేదు. ఆ రోజంతా గడియ గురించే మాట్లాడింది. ఇత్తడిదా, స్టీలుదా. అడ్డంగా జరిగేదా, తిప్పేదా. పెళ్ళికి చీర ఎంచుకునే పిల్లలా.

ఒక కుర్చీ, ఒక కడ్డీ, ఒక గడియ. సాయంత్రానికి అయిపోయే పని. కానీ అది మా ఆయన చెవిన పడింది.

మా ఆయన బీమా ఆఫీసులో అధికారి. లోకంలోని ప్రమాదాలన్నీ ఆయనకి తెలుసు, ఇంట్లోవి తప్ప. "ఎలాగూ గోడకి కన్నాలు పెడుతున్నాం కదా," అన్నాడు. "ఎలాగూ సింకు పాతదైపోయింది కదా. ఎలాగూ అమ్మ కోసమే కదా." కొంపలు ముంచేది ఈ 'ఎలాగూ'యే. నన్నడిగితే ఆ మాట పలికిన మగవాణ్ణి ఆ పూటకి ఇంట్లోంచి బయటికి పంపెయ్యాలి.

మూడో 'ఎలాగూ' దగ్గర ఫోనులో బొమ్మ చూపించాడు. వ్యానిటీ అట. చేతికి తగిలించుకునే బ్యాగు కాదు. పైన సింకు, కింద సొరుగులు, వెనక లైట్ల అద్దం, అన్నీ కలిసిన బీరువా లాంటిది. పంపింది ఎవరనుకున్నారు? మా ఆడపడుచు. మా ఆయనకి అక్క, నాకు వదిన, అభిరుచి విషయంలో మా అందరికీ జడ్జి.

"ఇప్పుడు చిన్న బాత్రూమ్‌లకి ఇదే స్టైల్‌రా తమ్ముడూ," అంది ఫోనులో. "అందానికి అందం, వాడకానికి వాడకం."

మా ఆయన టేపు పట్టుకుని కొలతలు తియ్యడానికి లోపలికెళ్ళాడు. వెళ్ళి, అలవాటు ప్రకారం గడియ పెట్టుకున్నాడు. ఈ ఇంట్లో ఆయనకి ఆఫీసు గది లేదు, ఆ లోటు బాత్రూమ్ తీరుస్తుంది. ఫోను పట్టుకుని లోపలికెళ్ళి గడియ పెట్టాడంటే ఆఫీసులో చెయ్యని ఆలోచనలన్నీ అక్కడే చేస్తాడు. బయట నేను చంక కింద టవలు పెట్టుకుని నిలబడినా, పాలు పొంగినా, తలుపు తట్టినా ఒకటే జవాబు: "ఒక్క నిమిషం." అంచేత కొలత కూడా తలుపేసుకునే కొలిచాడు. గోడ పొడవు రాసుకున్నాడు, ఎత్తు రాసుకున్నాడు. మూసిన తలుపు మూలన బుద్ధిగా నిలబడి ఉంది, దాన్నెవరూ పట్టించుకోలేదు.

ఆదివారం అందరం షోరూమ్‌కి వెళ్ళాం. అత్తయ్య కూడా వాకర్‌తో వచ్చింది, తన కోసం కొంటున్నారని విన్నది కాబట్టి. షోరూమ్ నిండా బాత్రూమ్‌లే. మా హాలంత బాత్రూమ్‌లు. ఒక్కోదానికి మూడేసి గోడలు, నాలుగో వైపు మనం. నేల మీద ఒక్క నీటిచుక్క లేదు. బకెట్ లేదు, మగ్గు లేదు, తడిబట్టలు లేవు. ఎవరూ ఎప్పుడూ స్నానం చెయ్యని బాత్రూమ్ ఎంత అందంగా ఉంటుందో అక్కడే చూశాను. మన ఇళ్ళు అలా ఉండకపోవడానికి కారణం మనం వాటిలో బతకడమేనని ఆ కంపెనీలవాళ్ళు చెప్పకుండానే చెబుతారు.

నిలబడలేక అత్తయ్య దగ్గర్లో ఉన్న కమోడ్ మీద కూర్చుంది. సేల్స్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అది డిస్‌ప్లేకండీ!"

"నన్నూ డిస్‌ప్లేకే తెచ్చారులే నాయనా," అంది ఆవిడ, కదలకుండా.

వదిన ఒక్కో అద్దం ముందూ నిలబడి జుట్టు సర్దుకుంటోంది. మా ఆయన ఒక్కో సొరుగూ లాగి వదులుతున్నాడు. చప్పుడు కాకుండా దానంతటదే మూసుకునే సొరుగట. "చూశావా?" అంటాడు నాతో, తనే కనిపెట్టినట్టు. "ఇంట్లో ఏ సొరుగైనా మీరు మూయడం చూశానా? అందుకే దానంతటదే మూసుకునేది కావాలి," అన్నాను. కుర్రాడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"స్పేస్ చిన్నదైతే వ్యానిటీ గ్రాండ్‌గా ఉండాలి సార్. అప్పుడు చూసేవాళ్ళ కన్ను దాని మీదే ఉంటుంది."

"బాత్రూమ్‌లో చూసేవాళ్ళెవరయ్యా?" అన్నాను. ఆ ప్రశ్న వాళ్ళ ట్రైనింగులో లేనట్టుంది.

కమోడ్ మీంచి అత్తయ్య చుట్టూ కలియజూసి అడిగింది: "మరి తలుపేదీ?"

అందరూ నవ్వారు. వదిన అయితే కళ్ళు తుడుచుకుంది. "తలుపులు వేరే షోరూమ్ అమ్మా," అన్నాడు కుర్రాడు ముద్దుగా.

ముదురు నీలం రంగుది కొన్నారు. పొడవు గోడకి సరిగ్గా సరిపోయింది. ముందుకు ఎంత పొడుచుకొస్తుందో ఎవరూ అడగలేదు. షోరూమ్‌లో ముందున్నది మనమే కాబట్టి, వెనక్కి జరిగి మెచ్చుకున్నాం.

ఫిట్టరు వచ్చాడు. బొద్దుగా, హుషారుగా ఉన్నాడు. వ్యానిటీని ముక్కలుగా లోపలికి తీసుకెళ్ళాడు. గోడకి కన్నాలు పెట్టేటప్పుడు దుమ్ము ఇల్లంతా పాకుతుందని తలుపేసుకున్నాడు. మా బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. పొద్దున్నంతా డ్రిల్లు మోత, మధ్యమధ్యలో ఈల. ఆ తర్వాత మోత ఆగింది. ఈల కూడా ఆగింది.

తలుపు కొంచెం తెరుచుకుని ఠక్కుమంది. మళ్ళీ తెరుచుకుని మళ్ళీ ఠక్కుమంది. సందులోంచి ముందు సామాన్ల సంచి బయటికొచ్చింది. తర్వాత ఒక చెయ్యి. తర్వాత తల. పొట్ట దగ్గర పెద్ద చర్చ జరిగింది. చివరికి చొక్కా గుండీ ఒకటి లోపలే వదిలేసి మనిషి బయటపడ్డాడు.

"పనైపోయింది సార్," అన్నాడు రొప్పుతూ.

మా ఆయన సందులోంచి తల పెట్టి చూశాడు. నీలం వ్యానిటీ ధగధగలాడుతోంది. తలుపు దాని అంచుకి కొట్టుకుని సగంలో ఆగిపోయింది. వాకర్ సంగతి దేవుడెరుగు, భోజనం చేసిన మనిషే పట్టడు.

"తలుపు పెద్దదైపోయింది," అన్నాడు మా ఆయన.

ఇన్నేళ్ళూ సరిగ్గా ఉన్న తలుపు ఒక్క పూటలో పెద్దదైపోయింది!

వెనక్కి పంపుదామంటే, గోడకి బిగించిన సరుకు తీసుకునేది లేదన్నారు షోరూమ్‌వాళ్ళు. తలుపుని బయటికి తెరుచుకునేలా తిప్పుదామంటే, వంటింటి తలుపుకి గుద్దుకుంటుంది. మడత తలుపు పెడదామన్నాడు ఫిట్టరు. వదిన ఫోనులోనే చెవులు మూసుకున్నంత పని చేసింది. "ప్లాస్టిక్ మడత తలుపా! అంత వ్యానిటీ పక్కన అంత చవకబారుదా! కర్టెన్ వెయ్యండ్రా, మ్యాచింగ్‌ది నేను తెస్తాను."

"వ్యానిటీయే తీసేస్తే?" అన్నాను.

అక్కా తమ్ముడూ నా మాట విననట్టు మర్యాదగా కర్టెన్ రంగులోకి దిగారు.

తలుపు ఊడింది. బాల్కనీలో గోడకి చేరబడి నిలబడింది, శిక్ష పడ్డ పిల్లాడిలా. నీలం కర్టెన్ వచ్చింది, దాని మీద తెల్ల పువ్వులు. వాకర్ ఇప్పుడు లోపలికి వెళ్తుంది. గోడకి కడ్డీ ఉంది, కుర్చీ ఉంది.

"గడియ?" అంది అత్తయ్య.

"మన ఇంట్లో మనకి గడియేంటమ్మా?" అన్నాడు మా ఆయన. "ఎవరున్నారిక్కడ? అందరం మనవాళ్ళమేగా."

ఆవిడ కర్టెన్‌ని వేళ్ళతో పట్టుకుని చూసి వదిలేసింది. "అయితే నువ్వే రా అమ్మాయ్," అంది నాతో. "నువ్వు లోపలికి రాకు. బయట అడ్డంగా నిలబడు. నువ్వే తలుపు."

మర్నాటి నుంచి నేను తలుపుగా పనిచేశాను. కర్టెన్ రెండు అంచులూ పట్టుకుని, హాలువైపు మొహం పెట్టి నిలబడేదాన్ని. లోపల ఆవిడ మగ్గు చప్పుడు కూడా కాకుండా, దొంగలా నీళ్ళు పోసుకునేది. సబ్బు జారి పడితే తీసుకునేది కాదు, అలాగే వచ్చేసేది. రెండు పూటల స్నానం ఒక పూటకి దిగింది. తర్వాత రోజు విడిచి రోజు అయింది. మాట్లాడితే, "చెమటెక్కడ పడుతోందే?" అనేది. అవతల మా ఆయన అద్దం వెనక లైటు రంగు మార్చి ఫొటోలు తీసి అక్కకి పంపుతున్నాడు.

అయితే ఆయన ఆఫీసుకి తొందరగా వెళ్ళడం మొదలుపెట్టాడు. మొహం కడుక్కుని, టీ కూడా తాగకుండా, బ్యాగు పట్టుకుని పరుగు. ఇంత శ్రద్ధ ఎప్పుడూ లేదే అనుకున్నాను. ఆఫీసు బాత్రూమ్‌కి తలుపుందని తర్వాత వెలిగింది.

ఆదివారం ఆఫీసు ఉండదు. ఆ సంగతి ఆయన కడుపుకి తెలియదు. ఫోను పట్టుకుని కర్టెన్ వెనక్కి వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగా వచ్చేశాడు. "ఫ్యాన్ ఎవరు వేశారు? కర్టెన్ ఎగురుతోంది!" టీవీ సౌండు పెంచి మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. "ఇప్పుడే వస్తా," అని మెట్లెక్కి పై ఇంటికి పోయాడు.

ఆ మధ్యాహ్నమే వదిన భర్తతో వచ్చింది, వ్యానిటీ కళ్ళారా చూడాలని. చూసింది, నిమిరింది, అద్దంలో తనని ఫొటో తీసుకుంది. టీ తాగింది. కాసేపటికి కాళ్ళు కదపడం మొదలెట్టింది. లేచి కర్టెన్ దాకా వెళ్ళి హాలుకేసి చూసింది. సోఫాలో తన మొగుడు, ఈ మూలన తమ్ముడు, ఆ మూలన నేను. అందరం కర్టెన్‌కి చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉన్నాం. సరిగ్గా అప్పుడే అత్తయ్య వాకర్‌తో వచ్చి, కర్టెన్‌కి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఏంటమ్మా ఇక్కడ కూర్చున్నావ్?"

"వ్యానిటీ చూద్దామని తల్లీ. ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తోంది. గాలికి కర్టెన్ లేచినప్పుడల్లా లైటు కూడా."

"కొంచెం పక్కకి జరుగు. నేను బాత్రూమ్‌కెళ్ళాలి."

"వెళ్ళు. నేను చూడని ఒళ్ళా? అందరం మనవాళ్ళమేగా."

"అమ్మా!"

వదిన మొగుడు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నేను చదువుకుంటున్నా, నువ్వెళ్ళు."

"పేపరుతో చెవులు కూడా మూసుకుంటారా?" అని వదిన మండిపడింది. చెప్పులేసుకుని పైకి పరిగెత్తింది. పై ఇంటావిడ గొంతు కిందకి వినిపించింది: "పొద్దున మీ తమ్ముడొచ్చారు, ఇప్పుడు మీరు. కింద నీళ్ళు రావట్లేదా అండీ?"

మా ఆయన టీవీ రిమోట్‌ని చాలా శ్రద్ధగా పరిశీలించాడు.

వదిన మొహం ఎర్రగా చేసుకుని దిగొచ్చింది. అత్తయ్య కుర్చీలోంచి కదల్లేదు.

"పై ఇంట్లో తలుపుందా?"

"ఉంటుంది కదమ్మా."

"గడియ?"

"ఉంది."

"వేసుకున్నావా?"

వదిన జుట్టు సర్దుకుంది.

"వేసుకున్నావా, లేదా?"

"వేసుకున్నాను."

"మరి నువ్వురా?" అంది కొడుకుతో. "పొద్దున పైకెళ్ళినప్పుడు?"

"వేసుకున్నానమ్మా," అన్నాడు, రిమోట్‌తో.

"నేను లక్షమంది ఒళ్ళు తుడిచానురా. ఒక్కరి మంచం చుట్టూ తెర లాగకుండా తుడవలేదు. తెర అవతల ఇంకో నర్సుని నిలబెట్టి, ఎవర్నీ రానిచ్చేదాన్ని కాదు. ఇక్కడ నా కోడల్ని తలుపుని చేశారు మీరు. రేపు సాయంత్రం లోపల నాకు తలుపు కావాలి. లేదంటే నేనూ పై ఇంటికే పోతాను స్నానానికి. వాకర్ ఎవరు మోస్తారో మీరిద్దరే తేల్చుకోండి."

వదిన నోరు తెరిచి, "మరి వ్యానిటీ..." అంది. వాళ్ళాయన పేపరు దించి, "ఇంటికెళ్దాం పద," అన్నాడు. ఆ రోజు ఆయన చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే.

మర్నాడు ఫిట్టరు వచ్చి వ్యానిటీ విప్పాడు. విప్పుతుంటే గుండీ దొరికింది, జేబులో వేసుకున్నాడు. మూలన చిన్న సింకు బిగించాడు. వెడల్పు నా రెండు అరచేతులంత. బాల్కనీలోంచి తలుపు తిరిగొచ్చింది. వ్యానిటీ ఇప్పుడు హాల్లో ఉంది. నీళ్ళు రాని కుళాయి, లైట్ల అద్దం, చప్పుడు కాకుండా మూసుకునే సొరుగులు. వచ్చినవాళ్ళకి మా ఆయన అది కొత్త ఫ్యాషన్ అని చెబుతాడు. సింకులో తాళంచెవులు వేస్తున్నాం. చూసేవాళ్ళ కన్ను దాని మీదే ఉంటుందని షోరూమ్ కుర్రాడు అన్న మాట నిజమే, ముందుగది మధ్యలో సింకు ఉంటే ఎవడి కన్నయినా దాని మీదే ఉంటుంది.

గడియ అత్తయ్యే ఎంచుకుంది. స్టీలుది, తిప్పేది. సాయంత్రం టవలు భుజాన వేసుకుని, వాకర్‌ని టక్కుటక్కుమనిపిస్తూ లోపలికెళ్ళింది. తలుపు మూసుకుంది. గడియ తిరిగిన చప్పుడైంది. తీసింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ తీసి, మళ్ళీ తిప్పింది.

నేను అలవాటుకొద్దీ తలుపు ముందు హాలువైపు మొహం పెట్టి నిలబడ్డాను. లోపల మగ్గు ధన్‌మని నేలకి కొట్టుకుంది. నీళ్ళు దబదబా పడుతున్నాయి. మా ఆయన ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, ఇంకా ఎంతసేపు?"

"ఒక్క నిమిషం," అంది ఆవిడ లోపల్నుంచి. తర్వాత మరికొన్ని నీళ్ళ చప్పుళ్ళయ్యాక, "అమ్మాయ్, నువ్వింకా అక్కడే ఉన్నావా? పో, పోయి నీ పని చూసుకో," అంది.