పడవకి వీపు

ఉప్పునీళ్ళలో తడిసిన బట్టని మంచినీళ్ళలో జాడించకపోతే ఎండాక అట్టలా బిగుస్తుంది, ఒంటిని కోస్తుంది. ఇవాళ పొద్దున నా ఉప్పు బట్టలు జాడిస్తుంటే మా ఆయన గుమ్మంలోంచి చూసి, "వాటికి అన్ని మంచినీళ్ళెందుకే? రేపు మళ్ళీ తడిసేవేగా" అన్నారు. ఆ నీళ్ళు బావి నుంచి మోసుకొచ్చింది కూడా నేనే.

మా దీవికి రేవు లేదు. ఎవరూ లేనప్పటినుంచీ ఇక్కడ ఉన్నది మావాళ్ళే అయినా, అవతలి ఒడ్డున ఎవరికీ మాకొక రేవు కట్టాలని అనిపించలేదు. ఉన్నదల్లా ఒక చదును బండ. పడవ వస్తే ఆడవాళ్ళం ఛాతీ లోతు నీళ్ళలోకి దిగి, బండకి కాళ్ళు తన్నిపెట్టి, పడవ పక్కకి వీపులు ఆనించి వరసగా నిలబడతాం. అల తోసినా పడవ బండకి కొట్టుకోకుండా ఆపేది మా నడుములే. దాన్నే వీపు ఇవ్వడం అంటాం. మగవాళ్ళు పడవలో ఉంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో నడుం పట్టేసిందంటే ఆయన నవ్వి, "నీళ్ళలో నిలబడ్డం కూడా ఒక పనేనా? అలవాటైపోతుందిలే" అన్నారు. నిజమే, నొప్పి అలవాటైంది. మా అత్తయ్య నడుం ఆ నీళ్ళలోనే పోయింది. ఇప్పుడావిడ లేచి నడవలేదు.

నా తోటికోడలికి నొప్పులొచ్చిన రోజు గాలి ఎక్కువగా ఉంది. అవతలి ఒడ్డు ఆస్పత్రికి తీసుకెళ్ళాలని పడవ పెట్టారు. వరసలో చివరిదాన్ని నేను. నిండు గర్భంతో తను బండమీంచి పడవలోకి అడుగేస్తూ, సరిగ్గా నా పక్కనే కాలు జారి నీళ్ళలో పడింది. "అక్కా" అంది, అంతే. నేను కదిలితే పడవ వచ్చి వరసంతా బండకి నలిగిపోయేది. కదల్లేదు. చెల్లి దక్కలేదు. రోజూ దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు అడుగుతూనే ఉంటాను. కాపాడేవాడివి నువ్వయితే, స్వామీ, నీళ్ళలో నిలబడే పని మాకెందుకిచ్చావు? అడిగాక, తప్పయితే మన్నించు అని కూడా అంటాను.

తను నన్ను పిలిచిందనీ నేను కదల్లేదనీ చాన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. కిందటేడాది, దూరపు దీవులకి రాకపోకల కోసం ఫండు ఇచ్చే సంస్థవాళ్ళు వచ్చినప్పుడు, దీవి పెద్దగా ఆయనే వాళ్ళని మా ఇంటికి తీసుకొచ్చి నన్ను కూర్చోబెట్టారు. "అంతా చెప్పు. ఏడుపొస్తే ఆపుకోకు" అని నా భుజం మీద చెయ్యి వేశారు. ఇన్నేళ్ళకి నా మీద జాలి కలిగిందనుకున్నాను. చెప్పాను. ఏడ్చాను. ఈ బండ దగ్గరే రేవు కావాలన్నాను. మెట్లు కాదు, అత్తయ్యని చక్రాల కుర్చీలో తోసుకెళ్ళేలా వాలుగా ఉండాలన్నాను. వచ్చినావిడ కళ్ళు తుడుచుకుంది. ఫండు మంజూరైన రోజు ఆయన, "నీ నోటి మాటే రేవైందే!" అంటే రెండు దీపాలు పెట్టాను.

రేవు కట్టడం మొదలైంది. మా బండ దగ్గర కాదు, కొండకి అవతల, యాత్రికుల కోసం కొత్తగా లేచిన అతిథిగృహం కింద. అక్కడికి రాళ్ళ మీదుగా కొండెక్కి దిగాలి. పురిటి మనిషి దిగగలదా, అత్తయ్య దిగగలదా?

"పెద్ద పడవకి అక్కడే లోతు" అన్నారు ఆయన. నేను వదల్లేదు. చివరికి, కొత్త పడవ నడిపే కాంట్రాక్టు తనకిస్తానని అతిథిగృహం యజమాని మాటిచ్చాడని చెప్పారు.

"ఇంటికి మంచిదనే ఒప్పుకున్నా. ఎవరికోసమే ఇదంతా? నీకోసం కాదూ?"

"మరి చెల్లి?"

"పోయినవాళ్ళకి రేవెందుకే?"

సొంత తమ్ముడి భార్యని అంత మాటన్నారు. ఆ మనిషికే నేను నా గుండె విప్పి చూపించాను. అది పట్టుకెళ్ళి ఆయన బేరం పెట్టుకున్నారు.

ఇవాళ ఆ రేవు ప్రారంభోత్సవం. పొద్దున బట్టలు జాడిస్తుంటే ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. "ఇంకో విడత ఫండు ఉంది. సంస్థవాళ్ళ ముందు ఆ కథ మళ్ళీ చెప్పాలి. అప్పట్లాగే. అమ్మని కూడా తీసుకెళ్దాం, చూసేవాళ్ళకి బాగుంటుంది. పడవ తెస్తా, చుట్టూ తిరిగి వెళ్దాం."

నేను పొడి బట్టలు కట్టుకుని, అత్తయ్యని మోయించుకుని బండ దగ్గరికి వెళ్ళాను. పక్కింటావిడ కిందికీ పైకీ చూసింది.

"ఏంటి వదినా, వీపివ్వవా?"

"ఇవ్వను."

ఆవిడ ఎగ్గట్టిన చీర దించుకుని, "అయితే మేమూ దిగంలే. ఎప్పుడూ మనమే తడవాలా? మగాళ్ళేమన్నా చక్కెరా, కరిగిపోడానికి?" అంది. మిగతావాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

పడవ వచ్చింది. ఆయన ఇస్త్రీ ప్యాంటులో నిలబడి కేకేశారు. "ఏంటలా బొమ్మల్లా చూస్తారు? దిగండి!"

"సభకి తడిబట్టల్తో రమ్మంటారా?" అన్నాను.

అల వచ్చింది, పడవ బండవైపు ఒరిగింది. పడవ నడిపే అతను గడ వేసి ఆపలేకపోయాడు. ఆయన తిట్టుకుంటూ నీళ్ళలోకి దూకి, బండకి కాళ్ళు తన్నిపెట్టి, వీపు ఆనించారు. ఆడవాళ్ళు అత్తయ్యని చేతుల మీద ఎత్తి నెమ్మదిగా లోపల కూర్చోబెట్టారు.

"తొందరగా కానివ్వండే! నడుం విరిగిపోతోంది!"

అత్తయ్య పడవ అంచుమీంచి వంగి కొడుకుని చూసింది.

"అలవాటైపోతుందిలే నాయనా" అంది.

నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి పడవ ఎక్కాను. ఆయన నీళ్ళు కారుతూ ఎక్కి ఎదురుగా కూర్చున్నారు. పడవ కొండ చుట్టూ తిరుగుతుంటే ప్యాంటు పిండుకుంటూ, "అప్పట్లాగే చెప్తావుగా?" అన్నారు.

"అప్పుడు రేవు ఎక్కడ కడతారో తెలీదు కదండీ" అన్నాను.

అంటే ఏమిటని ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నే.